ఫ్యాన్ మోగితే ప్రాసెసర్ కాలిపోతుందా? ప్రచారంలో ఉన్న ఒక సందేశానికి ఖండన

కంప్యూటర్ ఫ్యాన్ పెద్దగా మోగుతోందంటే ప్రాసెసర్ కాలిపోయే దశకు చేరినట్టేననీ, ఉష్ణోగ్రతను 60 డిగ్రీలు దాటనివ్వకూడదనీ, అందుకోసం క్యాబినెట్ పక్క మూత తీసి ఉంచాలనీ, ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే లోహపు దిమ్మెకూ మధ్య వేసే థర్మల్ పేస్టును దండిగా పూయాలనీ, దుమ్మును వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయాలనీ, చప్పుడు మరీ ఇబ్బంది పెడితే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ మూల అమరికల్లో) ఫ్యాన్ వేగం తగ్గించుకోవాలనీ, ఇంత చేసినా కంప్యూటర్ ఆన్ కాకపోతే వేడికి మదర్‌బోర్డు పోయినట్టే కాబట్టి మార్చేయాలనీ చెప్పే సందేశం ఒకటి చాలా కాలంగా చేతులు మారుతూ వస్తోంది. పంపేవారు మేలు కోరే పంపుతున్నారనడంలో నాకు సందేహం లేదు. కానీ దాన్ని నమ్మి బాగున్న విడిభాగాలను పక్కన పడేసినవారినీ, బాగు చేయబోయి పాడు చేసుకున్నవారినీ చూశాక, అందులోని ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించి సమాధానం చెప్పడం అవసరమనిపించింది. చప్పుడు, వేడి, ఆన్ కాకపోవడం అనేవి మూడు వేర్వేరు లక్షణాలు. వాటి కారణాలు కొన్నిసార్లు కలుస్తాయి, ఎక్కువసార్లు కలవవు. మూడింటినీ ఒకే రోగంగా చూడటం దగ్గరే ఈ సందేశం దారి తప్పింది.

ఫ్యాన్ మోగడం ప్రమాద సూచన అన్న మొదటి మాటను తీసుకుందాం. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు సాధారణంగా నాలుగు పిన్నుల కనెక్టర్ ఉంటుంది. వాటిలో ఒక పిన్ను ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో మదర్‌బోర్డుకు తెలియజేస్తుంది, మరొకటి ఎంత వేగంగా తిరగాలో ఫ్యాన్‌కు చెబుతుంది. ప్రాసెసర్ లోపలి సెన్సర్ చూపే ఉష్ణోగ్రతను బట్టి ఈ వేగం ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. కాబట్టి వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే ఫ్యాన్ హోరెత్తి, పని ముగిసిన కాసేపటికి నెమ్మదిస్తే ఆ యంత్రం చేయవలసిన పనినే చేస్తోందని అర్థం. ఫ్యాన్ వేగం రెట్టింపైతే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుందని ఇంజినీర్లు లెక్కగడతారు. 10 డెసిబెల్స్ పెరిగితేనే చప్పుడు రెండింతలైనట్టు చెవికి వినిపిస్తుంది కనుక, వేగంలో వచ్చే కొద్దిపాటి మార్పు కూడా మనకు పెద్దదిగా తోస్తుంది. పవర్ బటన్ నొక్కగానే కొన్ని క్షణాలు ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగి, ఆపై తగ్గడం కూడా చాలా కంప్యూటర్లలో మామూలే.

చప్పుడు ఎంత పెద్దదన్న దానికంటే ఎలాంటిదన్నది ఎక్కువ విషయాలు చెబుతుంది. ఒకే తీరుగా వచ్చే గాలి హోరు వేగానికి సంబంధించినది. గరగరమనే శబ్దం, ముఖ్యంగా ఆన్ చేసిన కొత్తలో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గేది, బేరింగ్ అరిగిందనో అందులోని కందెన ఎండిపోయిందనో సూచిస్తుంది. అప్పుడు మార్చవలసింది ఆ ఒక్క ఫ్యాన్‌ను మాత్రమే. క్రమం తప్పకుండా టకటకమంటే ఏదో తీగ రెక్కలకు తగులుతూ ఉండవచ్చు. భారం పెరిగినప్పుడు సన్నగా కీచుమనే ధ్వని అసలు ఫ్యాన్ నుంచి రాదు. అది తెర మీది దృశ్యాన్ని తయారుచేసే గ్రాఫిక్స్ కార్డులోనో, కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉన్న తీగచుట్టలు కంపించడం వల్ల పుడుతుంది, వినడానికి చిరాకే తప్ప హాని చేయదు. హార్డ్ డిస్క్ నుంచి వచ్చే టక్కుటక్కు మాత్రం వీటన్నిటికంటే తీవ్రమైనది. అది వినిపించిన రోజున ఫ్యాన్ల సంగతి పక్కన పెట్టి ముందు ఫైళ్లను మరో డిస్కులోకి కాపీ చేసుకోవాలి. సందేశం ఈ ఒక్క శబ్దాన్నీ ప్రస్తావించకపోవడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ఫ్యాన్ పోతే మరొకటి దొరుకుతుంది, పోయిన ఫోటోలు దొరకవు.

ఏ పనీ చేయనప్పుడు కూడా ఫ్యాన్ తగ్గకుండా హోరెత్తుతూ ఉంటే అది పరిశీలించవలసిన విషయమే. ముందుగా టాస్క్ మేనేజర్ తెరిచి, మనకు తెలియకుండా ఏదైనా ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను వాడుకుంటోందేమో చూడాలి. వాడకం చాలా తక్కువగా ఉండి కూడా ఉష్ణోగ్రత ఎక్కువగా కనిపిస్తే, అప్పుడు హీట్‌సింక్‌లోని (ప్రాసెసర్ మీద బిగించి వేడిని లాగే లోహపు దిమ్మెలోని) దుమ్మునూ, ఎండిన పేస్టునూ, వదులైన బిగింపునూ అనుమానించాలి.

ఇక 60 డిగ్రీల మాట. ప్రాసెసర్ కాలిపోతుందన్న భయానికి ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే కంప్యూటర్ వెబ్‌సైటు సమీక్షకులు చేసిన ఒక వీడియోలో, నడుస్తున్న కంప్యూటర్ నుంచి హీట్‌సింక్‌ను తొలగించగానే ఆనాటి ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ పొగలు కక్కి పాడైపోయింది. అదే పరీక్షలో ఇంటెల్ పెంటియమ్ 4 వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంది. పెంటియమ్ 4 చూపిన ఆ రక్షణ ఇప్పటి ప్రాసెసర్లన్నిటిలోనూ ఉంది. ఉష్ణోగ్రత తయారీదారు నిర్ణయించిన పరిమితిని తాకగానే ప్రాసెసర్ తనంతట తాను వేగాన్నీ వోల్టేజీనీ తగ్గించుకుంటుంది, అదీ చాలక వేడి ఇంకా పెరిగితే కంప్యూటర్‌ను ఒక్కసారిగా ఆపివేస్తుంది. ఆ పరిమితి చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల సెల్సియస్. 2022లో రైజెన్ 7000 ప్రాసెసర్ల శ్రేణిని విడుదల చేసినప్పుడు, పూర్తి భారంలో 95 డిగ్రీలకు చేరి అక్కడే నిలకడగా నడవడం తమ రూపకల్పనలో భాగమేనని ఏఎండీ స్వయంగా చెప్పింది. అలాంటప్పుడు బరువైన పనిలో 75 డిగ్రీలు కనిపించిందని కంగారుపడి కంప్యూటర్‌ను ఆపేయడం అనవసరం.

సందేశకర్తకు 60 అన్న అంకె ఎక్కడ దొరికిందో నేను ఊహించగలను. చాలా హార్డ్ డిస్కులకు తయారీదారులు ఇచ్చే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు. ఒక భాగానికి చెందిన హద్దును మరో భాగానికి అంటగట్టి ఉంటారు.

అయితే వేడి ఎంత ఉన్నా పరవాలేదని నేను చెప్పడం లేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ విద్యుత్తును కొద్దిసేపు నిల్వ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా వేడిలో త్వరగా సత్తువ కోల్పోతుంది. కానీ ఈ నష్టం నెలల మీదా ఏళ్ల మీదా జరిగేది, ఆ సాయంత్రానికే కంప్యూటర్ కాలిపోయేది కాదు. ఉష్ణోగ్రతను చూసేటప్పుడు పక్కనే ప్రాసెసర్ వేగాన్ని కూడా చూడటం మంచి పద్ధతి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌లో రెండూ కనిపిస్తాయి. పరిమితి దగ్గర ఉండి కూడా తయారీదారు ప్రకటించిన మూల వేగానికి పైన నడుస్తుంటే చల్లబరిచే ఏర్పాటు సరిపోతోందని అర్థం. మూల వేగం కంటే కిందికి పడిపోతుంటే మాత్రం సరిపోవడం లేదు.

క్యాబినెట్ పక్క మూత తీసి ఉంచాలన్న సలహా పరీక్షగా పనికొస్తుంది, అలవాటుగా పనికిరాదు. ఒకే పనిని మూత బిగించి పావుగంట, తీసి పావుగంట నడిపి చూడండి. మూత తీసినప్పుడు ఉష్ణోగ్రత బాగా పడిపోతే లోపం ప్రాసెసర్ దగ్గర లేదు, క్యాబినెట్‌లోకి గాలి వచ్చిపోయే దారిలో ఉంది. ముందు జాలీ దుమ్ముతో పూడుకుపోయి ఉండవచ్చు, వెనుక ఫ్యాన్ తిరగబడి బిగించి ఉండవచ్చు, పెట్టె గోడకు ఆనుకుని ఉండవచ్చు. తేడా పెద్దగా లేకపోతే హీట్‌సింక్ వైపు చూడాలి. కారణం తెలిశాక మూత తిరిగి బిగించాలి, ఎందుకంటే తెరిచిన పెట్టెలో ముందు నుంచి వెనక్కు సాగే గాలి ప్రవాహం చెదిరిపోతుంది, దుమ్ము నేరుగా లోపలికి చేరుతుంది.

థర్మల్ పేస్టు దండిగా పూయాలన్నది పేస్టు ఎందుకుందో తెలియక ఇచ్చిన సలహా. ప్రాసెసర్ పైభాగం, హీట్‌సింక్ అడుగుభాగం కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సూక్ష్మమైన గుంటలు మిగులుతాయి, వాటిలో గాలి నిలుస్తుంది. రాగి ఉష్ణవాహకత మీటరుకు కెల్విన్‌కు సుమారు 400 వాట్లు. గాలిది 0.026 మాత్రమే. మామూలు పేస్టులది చాలావరకు 10 లోపే ఉంటుంది. అంటే గాలితో పోలిస్తే పేస్టు ఎన్నో రెట్లు మేలు, లోహంతో పోలిస్తే ఎన్నో రెట్లు నాసి. గుంటలు నిండేంత పలుచని పొర ఉంటే లాభం, అంతకు మించితే వేడికి మనమే అడ్డుగోడ కట్టినట్టు. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు నడిమధ్య బఠానీ గింజంత పేస్టు సరిపోతుంది. ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచాకే కొత్తది వేయాలి. గాలియం కలిసిన ద్రవ లోహాన్ని పేస్టులా వాడమనేవారూ ఉన్నారు. అది విద్యుత్తును ప్రసారం చేస్తుంది, అల్యూమినియంను తినేస్తుంది. అనుభవం లేనివారు దాని జోలికి వెళ్లకూడదు.

వాక్యూమ్ క్లీనర్ విషయం క్లుప్తంగా చెబుతాను. దాని గొట్టం చివర స్థిర విద్యుత్తు పోగవుతుంది, అది చిప్‌లకు హాని చేయగలదు. ప్లగ్ తీసి, మెత్తని బ్రష్షుతోనూ గాలి డబ్బాతోనూ శుభ్రం చేయడం సురక్షితం. గాలి ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. డబ్బాను నిటారుగానే పట్టుకోవాలి, వంచితే లోపల ద్రవరూపంలో ఉన్న వాయువు బోర్డు మీద చిమ్ముతుంది.

చప్పుడు తగ్గించడానికి బయోస్‌లో ఫ్యాన్ వేగాన్ని కిందికి దించమనడం ఈ సందేశం తనను తాను ఖండించుకున్న చోటు. వేడిని చూసి భయపడమన్నవారే వేడిని బయటికి పంపే సాధనాన్ని బలహీనపరచమంటున్నారు. ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూసి హెచ్చరించే ఏర్పాటును కూడా కొందరు ఇదే ఊపులో ఆపేస్తారు, ఆ తర్వాత ఫ్యాన్ నిజంగా ఆగిపోయినా ఎవరికీ తెలియదు. శబ్దం తగ్గాలంటే ముందు వేడి పుట్టడాన్ని తగ్గించాలి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతానికి మారిస్తే చాలా యంత్రాల్లో టర్బో వేగం (మూల వేగాన్ని దాటి ప్రాసెసర్ అందుకునే అదనపు వేగం) ఆగి, కొంత వేగం తగ్గినా ఉష్ణోగ్రతా హోరూ గణనీయంగా దిగుతాయి. ఫ్యాన్ క్షణక్షణం లేచి పడుతూ చిరాకు పెడుతుంటే, ఉష్ణోగ్రత మారిన వెంటనే కాకుండా కొన్ని సెకన్లు ఆగి స్పందించేలా చేసే అమరిక చాలా బయోస్‌లలో ఉంటుంది, దాన్ని వాడుకోవచ్చు.

చివరిది, ఎక్కువ నష్టం చేస్తున్నది, ఆన్ కాని కంప్యూటర్‌కు వేడే కారణమనీ మదర్‌బోర్డు మార్చాలనీ చెప్పే మాట. రాత్రంతా ఆగి ఉన్న కంప్యూటర్ ఉదయానికి గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. చల్లగా ఉన్న యంత్రం మొదటి క్షణంలోనే వేడెక్కి ఆగిపోదు. వేడి వల్ల ఆగే కంప్యూటర్ ముందు ఆన్ అవుతుంది, కాసేపు నడుస్తుంది, ఆపై ఆగుతుంది, చల్లారాక మళ్లీ ఆన్ అవుతుంది. హీట్‌సింక్ ఊడిపోయి ఉంటేనో, కొత్త కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీయకుండా బిగించి ఉంటేనో, నీటితో చల్లబరిచే కూలర్‌లో పంపు ఆగిపోయి ఉంటేనో ఆ కాసేపు ఒక నిమిషం లోపే కావచ్చు. అయినా ఆన్ కావడం, ఆగడం అనే వరస మాత్రం మారదు.

బటన్ నొక్కితే ఏమీ జరగకపోవడం ఒక స్థితి, ఫ్యాన్లు తిరిగి తెర నల్లగా ఉండటం వేరే స్థితి. మొదటి దానిలో గోడ సాకెట్, తీగ, ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్, క్యాబినెట్ బటన్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే సన్నని తీగ, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్ అనే క్రమంలో చూడాలి. రెండో దానిలో మొదట మానిటర్ తీగ ఎక్కడ పెట్టారో చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో దాన్ని మదర్‌బోర్డు పోర్టుకు తగిలించి తెర రావడం లేదని బెంగపడేవారు తక్కువేమీ కాదు. ప్రాసెసర్ పక్కన విడిగా వచ్చే ఎనిమిది పిన్నుల పవర్ కనెక్టర్ పూర్తిగా దిగిందో లేదో చూడాలి. ఆపై ర్యామ్, అంటే తాత్కాలిక మెమరీ పలకలు. నాకు తెలిసిన ఒకరికి సరిగ్గా ఈ స్థితిలోనే మదర్‌బోర్డు మార్చమన్న సలహా వచ్చింది; కొనే ముందు ర్యామ్ రెండింటినీ తీసి, అంచులు తుడిచి, ఒక్కదాన్నే గట్టిగా నొక్కి పెట్టి చూడమన్నాను. తెర వెంటనే వచ్చింది. రెండోదాన్ని కూడా పెట్టాక ఆ కంప్యూటర్ ఇప్పటికీ నడుస్తోంది.

మదర్‌బోర్డు మీద చిన్న దీపాలుంటే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ డిస్కులలో ఏ దగ్గర ఆగిందో అవే చూపిస్తాయి. స్పీకర్ ఉంటే బీప్‌ల సంఖ్య అదే పని చేస్తుంది, వాటి అర్థం బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్ కొత్తగా పెట్టిన కంప్యూటర్ మొదటిసారి ఆన్ అయ్యేటప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచవచ్చు, ఆ సమయంలో పవర్ తీయకూడదు. ప్రతిసారీ తేదీ, సమయం తప్పుగా చూపిస్తుంటే సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ అయిపోయిందని గ్రహించి మార్చుకోవాలి. నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా రీస్టార్ట్ అయ్యాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే, చాలామంది దాన్నే కారణమనుకుంటారు. కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదన్న నమోదు తప్ప అందులో మరేమీ లేదు. కారణాన్ని ఉష్ణోగ్రతలోనో విద్యుత్తులోనో మనమే వెతకాలి.

ఈ పరీక్షలన్నీ అయ్యాక, బాగున్నదని తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూశాక కూడా స్పందన లేకపోతే అప్పుడు మదర్‌బోర్డును అనుమానించవచ్చు. దాని మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటేనో, గోధుమ రంగు ద్రవం కారి ఉంటేనో ఆ అనుమానం బలపడుతుంది. అలాంటి కెపాసిటర్లు ఎస్‌ఎంపీఎస్ లోపల కూడా ఉండవచ్చు, కానీ వాటిని చూడటానికి ఆ పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా దాని లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండే అవకాశం ఉంది.