78 రికార్డుల మీద స్పిరిట్ పోయకండి

పాత రికార్డులను ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికి 'తేలిక చిట్కాలు' అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. పాత పాటలంటే ప్రాణం పెట్టే మిత్రులే దాన్ని పదే పదే పంపుతున్నారు. చూసీ చూడనట్టు వదిలేద్దామంటే, మొదటి చిట్కాతోనే రికార్డు పాడవుతుంది.

'స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది' అట. ఏ రికార్డు? ఆ ప్రశ్నే లేదు. మెసేజ్‌తో వచ్చిన ఫొటోలో ఉన్నది మాత్రం 78, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు. 1950ల దాకా వచ్చిన 78లలో అత్యధికం షెల్లాక్‌వి, అంటే లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినవి. చెక్క సామాన్లకు పాలిష్ పెట్టేవాళ్లు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. రికార్డు మీద పోసినా అది చేసే పని అదే. గుడ్డకు నల్లగా అంటుకునేది మురికి ఒక్కటే కాదు, గాడి గోడ కూడా. పాట ఉన్నది ఆ గోడలోనే. అది కరిగాక ఏ ముల్లూ, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేవు.

78లకు డిస్టిల్డ్ వాటర్ చాలు. మరీ మురికిగా ఉంటే ఆల్కహాల్ లేని తేలికపాటి డిటర్జెంట్ ఒక చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగి వెంటనే ఆరబెట్టాలి. లేబుల్ తడవకూడదు, రికార్డు నానకూడదు. వినైల్ ఎల్పీలకు (తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డులకు) కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణం వాడేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ పాత పెట్టెల్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి, చూపుకు రెండూ నల్లగానే ఉంటాయి. ఎల్పీ కాస్త వంగుతుంది. 78 బరువుగా, పెళుసుగా ఉంటుంది, జారితే ముక్కలే. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పడానికి తీరిక లేనివాళ్లు జనం చేతికి స్పిరిట్ సీసా ఎలా ఇస్తారు? ఆ పాటకు మిగిలిన ప్రతి అదొక్కటే అయితే?

'బంగారు పూత వైర్లే కొనాలి.' అక్కర్లేదు.

'ప్లేయర్‌లో 78 స్పీడు ఉంటే చాలు.' చాలదు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78కి కావలసింది సుమారు 75. సన్నటి ముల్లు వెడల్పు గాడి అడుగుకు దిగి అక్కడి మురికినే దున్నుతుంది. మనకు వినిపించేది ఆ గరగరే.

'ప్లేయర్ వైరు నేరుగా మైక్ సాకెట్‌లో పెట్టి వాల్యూమ్ ఫుల్ చేయండి.' ముల్లు ఉండే కార్ట్రిడ్జ్, మామూలు మాగ్నెటిక్ రకమైతే, ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. పైగా రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. 1954 నుంచి ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం ఇదే. దాన్ని తిరగేసేది ఫోనో ప్రీయాంప్ అనే పరికరం. మైక్ సాకెట్‌కు ఆ సంగతి తెలియదు, చాలా కంప్యూటర్లలో అది స్టీరియో కూడా కాదు. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటే మరి ఉండదా! ఇక వాల్యూమ్ ఫుల్ చేస్తే పైస్థాయిలు తెగిపోతాయి. తెగిన చోట ఏముండేదో ఏ కంప్యూటరూ నిజంగా చెప్పలేదు. అతి గట్టి చోట కూడా రికార్డింగ్ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

'192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 నమూనాలు) అవసరం లేదు, సీడీ నాణ్యత చాలు.' ఇది మాత్రం నిజం. తోటి ఆడియో మిత్రులు కోప్పడినా సరే, ఈ ఒక్క మాటలో మెసేజ్ వైపే ఉంటాను. సీడీలోని 16 బిట్‌లు అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య 96 డెసిబెల్స్ తేడా ఇస్తాయి, మంచి ఎల్పీ కూడా 70 దగ్గరే ఆగిపోతుంది. రికార్డు చేసేటప్పుడు 24 బిట్ పెట్టుకుంటే లెవెల్ గురించి భయం తగ్గుతుంది, అంతవరకే.

'నాయిస్ రిడక్షన్ ఫుల్‌గా పెట్టండి.' హిస్ (వెనక వినిపించే సన్నటి బుస) ఉన్న చోటే వయొలిన్ మెరుపూ, గాయని పలికే స, ష లూ ఉంటాయి. హిస్‌ను మొత్తం తోడేస్తే అవీ పోయి, పాట నీళ్లలో మునిగి పాడినట్టవుతుంది. క్లిక్కులు ముందు తీయండి, హిస్‌ను కొద్దిగా తగ్గించండి, అదీ కాపీ మీదే.

చివరి చిట్కా: 'ఎంపీ3 చేశాక పెద్ద ఫైళ్లు తీసేయండి, రికార్డులు పాతసామాన్లకు వేసేయండి.' వినడానికి ఎంపీ3 బాగానే ఉంటుంది, దాచడానికి పనికిరాదు. సీడీ నాణ్యత వేవ్ ఫైలు నిమిషానికి పది ఎంబీ, నాణ్యత ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ చేస్తే ఇంచుమించు సగం. ఇప్పటి డిస్కుల్లో ఆ జాగా కోసం పాటను చంపుకోవాలా? ఏ దిద్దుబాటూ చేయని మొదటి రికార్డింగ్‌ను ఫ్లాక్‌లో రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. లేబుల్ మీది నంబరు, వాడిన ముల్లు, స్పీడు, ఈక్వలైజేషన్ (బేస్, ట్రెబుల్‌ను సరిచేసిన తీరు) ఫైలు పక్కనే రాసిపెట్టండి. ఆర్ఐఏఏకి ముందు 78లను ఒక్కో కంపెనీ ఒక్కో తీరులో కోసేది కాబట్టి, ఈక్వలైజేషన్ తప్పుపడితే తర్వాత దిద్దడానికి ఆ వివరమే ఆధారం. రికార్డులను మాత్రం ఎండ తగలని చోట నిలువుగా పెట్టి ఉంచండి.