కంపెనీ మునిగిపోతుంటే బ్రౌజర్ ఎందుకు రాసినట్టు?

మామయ్య 1993లో మాంచెస్టర్‌లో చదువుకుంటూ కొనుక్కున్న అమిగా 1200 కంప్యూటర్ ఇప్పటికీ విజయవాడలో ఆయన టేబుల్ మీదే ఉంది. హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్‌గా చేస్తున్న మేనకోడలు సౌమ్య సంక్రాంతికి వచ్చి దాని ముందు కూర్చుంది. అమిగాకి వచ్చిన తొలి గ్రాఫికల్ బ్రౌజర్ ఏ-మొజాయిక్ దగ్గర మాటా మాటా పెరిగింది.

సౌమ్య: కోప్పడకండి మామయ్యా, ఒకటి అడుగుతాను. ఏ-మొజాయిక్ వచ్చింది 1993 చివర్లో. అమిగాలు చేసే కమోడోర్ కంపెనీ దివాలా తీసింది 1994 ఏప్రిల్‌లో. అంటే బ్రౌజర్ పుట్టిన కొద్ది నెలలకే కంప్యూటర్ చేసేవాళ్ళు పోయారు. అంత కష్టం ఎవరి కోసం పడ్డట్టు?

మామయ్య: మా కోసమే తల్లీ. కంపెనీ పోయిందని మా ఇళ్ళలో కంప్యూటర్లు ఆగిపోలేదు కదా. ఇల్లినాయ్ యూనివర్సిటీలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బినా అసలు మొజాయిక్ బ్రౌజర్‌ని మొదట రాసింది యూనివర్సిటీల్లో వాడే పెద్ద యూనిక్స్ వర్క్‌స్టేషన్ల కోసం. ఆ వెంటనే విండోస్‌కీ మ్యాక్‌కీ వచ్చింది. అమిగాకి తెచ్చింది ముగ్గురు. ఫిషర్, మేయర్, విట్‌బ్రాక్. ముగ్గురి పేరూ మైఖేలే!

సౌమ్య: తెచ్చారు సరే, హాయిగా నడిచిందా? మీ 1200లో ఉన్న మెమరీ 2 మెగాబైట్లు. 640 బై 512 తెర 256 రంగుల్లో తెరిస్తే ఆ తెరకే 320 కిలోబైట్లు పోతాయి. మిగిలినదాంట్లోనే ఆపరేటింగ్ సిస్టమ్, నెట్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ అన్నీ సర్దుకోవాలి. పైగా ఒక ప్రోగ్రామ్ మెమరీలోకి ఇంకోటి చొరబడకుండా ఆపే మెమరీ ప్రొటెక్షన్ లేదు. బ్రౌజర్ ఒక్క తప్పు చేస్తే మెషీన్ మొత్తం పడిపోతుంది.

మామయ్య: పడిపోయేది, కాదనను. రాత్రంతా టైప్ చేసిన రిపోర్ట్ పోగొట్టుకున్నాను. మెమరీ కార్డు కోసం రెండు నెలలు డబ్బు కూడబెట్టాను. కానీ ఇటు చూడు.

(మౌస్‌తో తెర పై అంచు పట్టుకుని లాగారు. కారు అద్దం దిగినట్టు బ్రౌజర్ మొత్తం కిందికి జారింది. పైన అమిగా డెస్క్‌టాప్ వర్క్‌బెంచ్ కనబడింది.)

కిందిది 256 రంగుల తెర, పైది 4 రంగులది. రెండూ ఒకే మానిటర్ మీద. ఫోన్ లైన్ మీద సెకనుకి 14.4 కిలోబిట్లు తెచ్చే అప్పటి మోడెమ్‌తో 50 కిలోబైట్ల బొమ్మ రావాలంటే అర నిమిషం. ఆ అర నిమిషం తెర ఇలా దించి ఉత్తరం రాసుకునేవాణ్ణి.

సౌమ్య: అది ఆపరేటింగ్ సిస్టమ్ గొప్పతనం. నా అసలు అభ్యంతరం వేరే. బ్రౌజర్ ఉందన్న ఆశతో జనం ఆ మెషీన్‌నే పట్టుకుని కూర్చున్నారు. 1996 వచ్చేసరికి అమిగాకి మూడు బ్రౌజర్లు, ఐబ్రౌజ్, ఏవెబ్, వోయేజర్. ఉన్నదే కొద్దిమంది ప్రోగ్రామర్లు, వాళ్ళూ మూడు చోట్ల అదే పని చేశారు. అప్పటికే పీసీల మీద నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో, పేజీలోనే ప్రోగ్రామ్ నడిపే జావాస్క్రిప్ట్ వచ్చేసింది. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్ కూడా అదే ఏడాది వచ్చింది. వీళ్ళెప్పుడూ వెనకే. ఈ బ్రౌజర్లే లేకపోతే మీరు ఎప్పుడో పీసీకి మారేవారు.

మామయ్య: అది నిజమే. పీసీ కొన్నది 1999లో. అప్పటికి నా తోటివాళ్ళందరూ ముందుకెళ్ళిపోయారు. ఆ బాధ నాకుంది. అయినా వృథా అంటే మాత్రం ఒప్పుకోను. అమిగాకి పోటీగా ఉండే అటారీ కంప్యూటర్ల సంగతి చూడు. ఆ కంపెనీ కంప్యూటర్లు మానేశాక అలెగ్జాండర్ క్లాస్ దానికి క్యాబ్ అనే బ్రౌజర్ రాశాడు. తర్వాత మ్యాక్‌కి ఐక్యాబ్ చేసింది కూడా అతనే. అందులో ఒక చిన్న ముఖం ఉండేది. పేజీ రాసిన కోడ్, అదే హెచ్‌టీఎంఎల్, సరిగ్గా ఉంటే పచ్చగా నవ్వేది, తప్పులుంటే ఎర్రబడి మూతి ముడిచేది. ఆ పట్టింపు ఊరికే రాలేదనిపిస్తుంది నాకు. చిన్న మెషీన్‌కి బ్రౌజర్ రాసేవాడికి అన్ని బ్రౌజర్లకీ ఒకటే అయిన నియమాలు, ఆ స్టాండర్డే దిక్కు. ‘ఫలానా బ్రౌజర్‌లోనే చూడండి’ అని రాసిన పేజీలు మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసేవి.

సౌమ్య: మేమూ క్రోమ్‌లో తప్ప టెస్ట్ చేయం. పదిమంది కోసం నెల రోజుల పని పెట్టమని మేనేజర్‌ని ఎలా అడగను?

మామయ్య: ఆ పదిమందిలో ఒకప్పుడు మనమే ఉన్నాం అమ్మాయ్. తెలుగు పేపర్ నెట్‌లో చదవాలంటే ఒక్కో పేపర్‌కి ఒక్కో ఫాంట్ దించుకోవాల్సి వచ్చేది, గుర్తుందా? ఫాంట్ లేకపోతే తెర నిండా పిచ్చి గుర్తులు. విండోస్‌లో గౌతమి ఫాంట్ వచ్చింది 2001లో ఎక్స్‌పీతోనే. తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారులే అని అందరూ లెక్క వేసుకుని ఊరుకుంటే?

(సౌమ్య కాసేపు మాట్లాడలేదు.)

సౌమ్య: మీ అమిగాలో ఇప్పటికీ తెలుగు రాదుగా?

మామయ్య: రాదు. అది నాకు పెద్ద లోటు. కానీ వెబ్ పుట్టిన పరిశోధనాశాల సెర్న్ 1993 ఏప్రిల్ 30న వెబ్‌ని ఎవరైనా రాయల్టీ కట్టకుండా వాడుకోవచ్చని ఇచ్చేసింది. అంటే ఏ కంప్యూటర్‌కైనా ఎవరైనా బ్రౌజర్ రాసుకోవచ్చనేగా? ఏడాది తిరక్కుండా ముగ్గురు మైఖేళ్ళు అదే చేశారు. ఐబ్రౌజ్ 2.5 ఎప్పుడొచ్చిందో తెలుసా? 2019లో. ఇప్పటి సెక్యూర్ సైట్లు తెరవడానికి అమిఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

సౌమ్య: అయితే మా కంపెనీ సైట్ కొట్టనా?

(కొట్టింది. చాలాసేపటికి పేజీ వచ్చింది. బూడిద రంగు తప్ప ఏమీ లేదు.)

సౌమ్య: హెడ్డింగ్ కూడా రాలేదు. అదీ జావాస్క్రిప్ట్‌తోనే పెట్టాం. హెడ్డింగ్‌కి జావాస్క్రిప్ట్ ఎందుకసలు... ఇది మా తప్పే మామయ్యా, సోమవారం వెళ్ళగానే మారుస్తాను. మూడు బ్రౌజర్ల సంగతి మాత్రం ఒప్పుకోను.

మామయ్య: ఒప్పుకోకు. ఏవెబ్ కూడా ఇందులోనే ఉంది, జరుగు, అందులో తెరిచి చూద్దాం.