నిలకడ ఎవరికి లేదు?

విశాఖ కుర్రాళ్లకు నిలకడ లేదట. చేరిన ఆరు నెలలకే మానేస్తున్నారట. నాలుగు రూపాయలు ఎక్కువిస్తామంటే చాలు, పక్క కంపెనీలో తేలుతున్నారట. యాజమాన్యాలు పాడే ఈ పాట పాతదే. దానికి వాళ్లు చెప్పే మందు బాండు, అంటే ఇన్నేళ్లు మానేయనని కుర్రాడి చేత రాయించుకునే కాగితం. కొన్నిచోట్ల అయితే ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలోకి వెళ్లిపోతున్నాయి. ఈ నిలకడ మాట ఎవరి నోటి నుంచి వస్తోందో చూస్తే ఒళ్లు మండుతుంది.

పరవాడ ఫార్మాసిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో చేసే ఐటీఐ కుర్రాడు చాలాసార్లు కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు. గేటు అదే, మిషను అదే, సూపర్‌వైజరు తిట్లూ అవే. కాగితం మీద మాత్రం కొత్త ఉద్యోగం. పాత సర్వీసు గాలికి పోతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలంటే ఆ ఐదేళ్లు ఎప్పటికి నిండాలి? కదలకుండా నిలబడ్డవాడి చేత ఇన్నిసార్లు ఉద్యోగం మార్పించి, వాడు తనంతట తాను ఒక్కసారి మారితే నిలకడ లేదంటారా?

శిక్షణ ఇచ్చిన మనిషి వెళ్లిపోతే కంపెనీకి నష్టమే, కాదనం. కానీ ఆ నష్టానికి మూలం కుర్రాడి బుద్ధిలో లేదు, ఈ ఊరి కొలువుల్లో ఉంది. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టుల్లో చేరిన తండ్రుల తరం రిటైరయ్యేదాకా కదల్లేదు. వాళ్లను నిలబెట్టింది పర్మినెంట్ ఆర్డరు, క్వార్టరు, ఆస్పత్రి. ఆ తలుపులు మూసింది ఎవరు? ఉక్కు ఫ్యాక్టరీలో 100 శాతం వాటా అమ్ముతామని 2021లో చెప్పింది కేంద్రమే. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, సంతోషం. అదే ఏడాది అక్కడ కాంట్రాక్టు కార్మికులను గేటు బయటికి పంపారు. ఇది ఏ రకం నిలకడ?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉద్యోగం మారితే పక్క బిల్డింగుకు వెళ్తాడు, జీతం పెరుగుతుంది. ఇక్కడ మధురవాడ కుర్రాడికి అంత ఎంపిక ఏది? మారాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సిందే. ఊళ్లోనే ఉండి మారితే చాలాసార్లు అదే జీతం, ఇంకో కాంట్రాక్టరు. ఇక 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది పోయాక, ఇంట్లోవాళ్లే వద్దంటే మానేసిన పిల్లలనూ ఈ నిలకడ లేనివాళ్ల ఖాతాలోనే రాస్తారా?

ప్రభుత్వం ఈ తంతును చూస్తూ కూర్చోవడం మరీ ఘోరం. నామమాత్రపు 99 పైసలకు 21.16 ఎకరాలు టీసీఎస్‌కు ఇచ్చినప్పుడు 12,000 ఉద్యోగాలన్నారు. అందులో స్థానికులకు ఎన్ని, పర్మినెంట్ ఎన్ని, చేరినవాళ్లలో ఏడాదికి ఎందరు మిగిలారు? రాయితీ పొందిన ప్రతి కంపెనీ నుంచీ ఈ లెక్క తీసుకుని ఏటా జనం ముందు పెట్టాలి. ఉద్యోగం మానేశాక ఇంకోచోట చేరొద్దనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదని కార్మిక శాఖకు తెలియదా? సర్టిఫికెట్లు దాచిన బీరువాలను ఒక్కరోజైనా తెరిపించిందా?

అయ్యా యజమానులూ, బాండు రాయించడం అంత ఇష్టమైతే ముందు మీరు రాయండి. మూడేళ్లదాకా పనిలోంచి తీసేయబోమని, కాంట్రాక్టరు మారినా సర్వీసు పోదని రాసి సంతకం పెట్టండి. ఆ ధైర్యం లేకపోతే, ఇంకోసారి మా పిల్లల నిలకడ ఊసెత్తకండి.