మా ఇంటి గ్లూకోమీటర్ గారికి

మహారాజశ్రీ గ్లూకోమీటర్ గారి దివ్య సముఖానికి,

నిన్న సాయంత్రం డాక్టర్ గారి గదిలో తమరు చేసిన ఉపకారానికి కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలో తెలియక ఈ ఉత్తరం.

మూడేళ్లుగా తమరిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాను. విశాఖ ఉక్కపోతకి స్ట్రిప్పులు పాడవుతాయని డబ్బా మూత క్షణం తెరిచి ఉంచలేదు. రక్తం చాల్లేదంటూ తమరు స్ట్రిప్పు మింగేసిన ప్రతిసారీ, నోరెత్తకుండా ఇంకో ఇరవై రూపాయలు సమర్పించుకున్నాను. కొసన పొడిస్తే నొప్పని పక్కన పొడుచుకుంటూ పది వేళ్ళూ జల్లెడ చేసుకున్నాను.

నా షుగరు లెక్కల నోటుబుక్కు ఎంత ముచ్చటగా ఉంటుందో తమరికి తెలుసు. 108, 114, 121. స్కేలు పెట్టి గీతలు కూడా కొట్టాను. డాక్టర్ గారు రెండు పేజీలు తిప్పారు. మెచ్చుకుంటారని మురిసిపోతుంటే, "ఆ మీటరు ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపారు. బాణం గుర్తు నొక్కారు. అంతే, తమరు నోరు విప్పారు. 241. 198. 268. తేదీతో, టైముతో సహా!

ఆ 268 దగ్గర మా ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పద్దెనిమిదో తారీకు రాత్రి పదిన్నర... ఏటండీ ఇది? అనకాపల్లి పెళ్ళిలో మజ్జిగన్నం తిని వచ్చేశానన్నారు కదా!"

మాడుగుల హల్వా. రెండు ముక్కలు. సరే, నాలుగు. ఆ రాత్రి భయమేసి, అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా నీకు వేలిచ్చింది నేనే కదా! నమ్మి అడిగినవాడి గుట్టు రెండు నెలలు కడుపులో దాచుకుని, సరిగ్గా ఆవిడ ముందే కక్కుతావా? నోటుబుక్కులో ఎక్కని లెక్క నీకెందుకసలు? నీకు తేదీ, టైము సరిగ్గా సెట్ చేసిచ్చిన మా అమ్మాయిని అనాలి.

ఆ హెచ్‌బీఏవన్‌సీ రక్తపరీక్ష సంగతి వేరే చెప్పాలా. అపాయింట్‌మెంటుకి ముందు వారం రోజులూ తెల్లారకుండానే బీచ్ రోడ్డు మీద నడిచాను. మురీ మిక్చర్ బండి వైపు కన్నెత్తి చూడలేదు. అయినా 8.6. మూడు నెలల సగటట. రక్తకణానికి అంటుకున్న చక్కెర ఆ కణం పోయేదాకా వదలదట. నా వారం రోజుల బుద్ధి దానికి ఆననే లేదు.

తర్వాత చెప్పులు విప్పమన్నారు. కళ్ళు మూసుకోండి, అరికాలికి నైలాన్ పోగు తగిలినప్పుడల్లా చెప్పండి అన్నారు. కుడికాలికి టకటకా చెప్పాను. ఎడమ బొటనవేలి దగ్గర ఎదురు చూస్తూ కూర్చున్నాను. ఎంతకీ తాకించరేమని కళ్ళు తెరిచి చూద్దును కదా, పోగు వేలికి ఆనించి వంగి ఉంది. మూడోసారట అది.

ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ హల్వా మాటెత్తలేదు. అదే టెన్షన్‌గా ఉంది.

రాత్రి అన్నం తిన్న రెండు గంటలకి సబ్బుతో చేతులు కడుక్కుని నీ ముందు కూర్చున్నాను. 203 అన్నావు. నోటుబుక్కులో ఆవిడే రాసింది, ఎర్ర ఇంకుతో. ఆ తర్వాత టార్చిలైటు తెచ్చి, నేల మీద కూర్చుని, నా కాలివేళ్ళ మధ్య ఒక్కొక్కటే చూసింది.

ఇట్లు,
తమరి పదివేళ్ళ దాసుడు

తా.క.: బ్యాటరీ అయిపోవస్తోందని బొమ్మ చూపిస్తున్నావు. అది మార్చినా పాత లెక్కలు చెక్కుచెదరవని మందులషాపు అబ్బాయి ఇందాకే చెప్పాడు. ఊరికే అడిగానంతే.