సవరణ: చీజ్ ఆలూ బేక్

ఆలూ ముక్కలు పేర్చి, పాలూ మీగడా పోసి, పైన చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టే ఈ వంటకం గురించి మొన్నటి పోస్టులో "ముక్కలు బాగా కడిగి పేర్చండి" అని ఉంది. దాన్ని ఇలా మార్చుకోండి: దుంపని కొయ్యకముందే కడగాలి, కోసిన ముక్కల్ని కడగొద్దు. చేతికి జిగురుగా తగిలే ఆ పిండే పాలూ మీగడా చిక్కబడేలా చేస్తుంది. అది పోతే చీజ్ కింద అంతా పల్చగా నీళ్లే. ముక్క 3 మిల్లీమీటర్ల మందం చాలు. 180 డిగ్రీల్లో సుమారు గంట. చాకు గుచ్చితే మెత్తగా దిగాలి.

మా పర్లాకిమిడి వాళ్లు మోజరెల్లా లేకపోతే ఎలా అని అడిగారు. చీజ్ క్యూబులు తురిమి వేయండి. తీగలా సాగదు గానీ రుచి బాగుంటుంది. వాటిలో ఉప్పు ఎక్కువే, విడిగా తగ్గించండి. అసలు ఇలాంటి ఆలూ బేక్‌ని ఫ్రాన్స్‌లోని దోఫినే ప్రాంతంలో పాతకాలపు పద్ధతిలో చేస్తే చీజే వెయ్యరు, కమ్మదనమంతా మీగడదే. అందుకని మీగడ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.