పొట్టేలుకు పదవీ విరమణ

ఒక మేలుజాతి గొర్రెల ఫారం వారు అచ్చువేయించి పంచిన రంగుల కరపత్రం ఈ మధ్య నా చేతికి వచ్చింది. మెడలో బంతిపూల దండతో, దవడల కిందికి వేలాడే చెవులతో ఒక నెల్లూరు జుడిపి పొట్టేలు అందులో నిలువెత్తున నిలబడి ఉంది. "ఒక్క స్ట్రా చాలు, మీ మంద వంశమే మారిపోతుంది" అన్న నినాదం పెద్ద అక్షరాలలోనూ, "నూటికి నూరు శాతం గ్యారంటీ" అన్న హామీ చిన్న అక్షరాలలోనూ ఉన్నాయి. స్ట్రా అంటే పొట్టేలు వీర్యాన్ని నింపి గడ్డకట్టించిన సన్నని గొట్టం. షరతులను చిన్న అక్షరాలలో దాచే వ్యాపారులను చూశాము గాని, గ్యారంటీనే దాచుకున్నవారు మాత్రం అరుదు. ఎక్కడో కొంత సిగ్గు మిగిలే ఉంటుంది.

కృత్రిమ గర్భధారణను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆవులకు, గేదెలకు ఎద సూది వేయించడం మన పల్లెలలో ఎప్పుడో మామూలు వ్యవహారమైపోయింది. ఆవు విషయంలో పని తెలిసిన మనిషి మలద్వారం గుండా చేయి పోనిచ్చి, గర్భాశయ ముఖద్వారాన్ని లోపలి నుంచి పట్టుకొని, సన్నని గొట్టాన్ని దాని గుండా దాటించగలడు. గొర్రెలో ఆ చేయి పట్టదు. పైగా ఆ ముఖద్వారంలో నాలుగు నుంచి ఏడు దాకా మడతలు ఒకదానికొకటి ఎదురుపడకుండా, గొట్టానికి దారి దొరకకుండా అమరి ఉంటాయి. లోకమంతా గొర్రెదాటు అని ఆడిపోసుకునే ఈ జీవిలో ఎవరి మాటా వినని అవయవం ఒకటి ఉన్నదని, ఆ ఒక్కటి మీదనే కరపత్రం వారు తమ వ్యాపారమంతా నిలబెట్టారని పాఠకులు దయచేసి గమనించాలి. గడ్డకట్టించిన వీర్యాన్ని ఆ ద్వారం బయటే వదిలి వస్తే నూటికి ఇరవై ముప్ఫై గొర్రెలకు మించి చూలు కట్టవు. అప్పటికప్పుడు తీసిన వీర్యమైతే ఫలితం మెరుగే, కాని దానిని కొన్ని గంటలలోనే వాడాలి. అంటే పొట్టేలు చుట్టుపక్కలే ఉండాలి. అది చుట్టుపక్కలే ఉన్నప్పుడు దానిని మంద దాకా నడిపించుకొని రావడానికి వచ్చిన అడ్డేమిటో కరపత్రంలో లేదు.

ఈ మడతల గోలను తప్పించుకోవడానికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన మార్గం పొట్ట మీదుగా వెళ్లడం. దానిని లాపరోస్కోపీ అంటారు. ఇది నిజంగా పనిచేస్తుంది, చేయి తిరిగిన వైద్యుడు చేస్తే నూటికి అరవై డెబ్భై దాకా కడతాయి కూడా. అయితే అంత దూరం వెళ్లడానికి జరిగే తతంగాన్ని ఒక్కసారి కళ్లారా చూడవలసినదే. ముందుగా గొర్రె యోనిలో హార్మోను నింపిన స్పాంజిని పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు ఉంచుతారు. అది తీసిన నాడు చూడి గుర్రం రక్తం నుంచి తయారైన మరో హార్మోనును సూదితో ఎక్కిస్తారు. ఆ విధంగా ఒక గొర్రె చూలుకు ఎక్కడిదో ఒక గుర్రం సాయపడుతుంది. ముహూర్తానికి ముందురోజు గొర్రెకు మేత ఉండదు, నీళ్లూ ఉండవు. తెల్లవారాక దానిని ఒక ఇనుప ఊయలలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లు కట్టి, తల నేలకు, పొదుగు ఆకాశానికి వచ్చేలా వంచుతారు. పొట్ట మీద బొచ్చు గొరిగి, మత్తు సూది వేసి, రెండు రంధ్రాలు పొడిచి, కార్బన్ డయాక్సైడుతో కడుపు ఉబ్బించి, ఒక రంధ్రంలో దుర్భిణి, రెండవ దానిలో సూది దించుతారు. అప్పటికి ముఖ్య అతిథి వస్తారు. ఆయన దుర్భిణిలో ఒక కన్ను పెట్టి, రెండవ కన్ను కెమెరా వైపు తిప్పి, కనిపించినదేమిటో తెలియకపోయినా "అద్భుతం" అంటారు. వైద్యుడు గర్భాశయపు రెండు కొమ్ములలోకి చెరొక చుక్క వదులుతాడు. అవతలి షెడ్డులో కూలరు గాలికి నిలబడిన ఆ వంశోద్ధారకుడు నానబెట్టిన శనగలు నములుతూ తనకేమీ సంబంధం లేనట్టు ఉంటాడు. తలకిందులైన తన గొర్రె వంతు ఎప్పుడు ముగుస్తుందా అని తడికె పక్కన నిలబడిన కురుమ పెద్దాయన చివరికి ఉండబట్టలేక అంటాడు: "సారూ, మా పొట్టేలుకు గీ పని మీద గింత తతంగం ఎన్నడు లేకుండె."

సారు జవాబు చెప్పడు. చెప్పడానికి ఆయన దగ్గర ఇంకా పెద్ద చిక్కు ఉంది. గొర్రె ఎదకు వచ్చినదీ లేనిదీ మనిషికి తెలియదు, ఆవులా అది అరిచి చాటదు. పసిగట్టగలిగినది పొట్టేలు ఒక్కటే. అందువల్ల పొట్టేలు అవసరం లేని ఈ పద్ధతి కోసం ముందుగా ఒక పొట్టేలును తెచ్చి, దానికి వేసెక్టమీ చేయించో, పొట్ట కింద గుడ్డ కట్టించో, వాసన చూసి చెప్పడమే ఉద్యోగంగా మందలో తిప్పుతారు. సూది పని ముగిశాక కట్టని గొర్రెలు పదిహేడు రోజులకు మళ్లీ ఎదకు వస్తాయి గనుక, వాటి కోసం మరొక పొట్టేలును, ఈసారి గుడ్డ లేకుండా, వదులుతారు. పదవీ విరమణ చేయించిన ఉద్యోగి స్థానంలో ఇద్దరిని తీసుకోవడం మన కార్యాలయాలకు కొత్తేమీ కాదు.

ఈ రెండవ పొట్టేలు దగ్గరే అసలు మోసం మొదలవుతుంది. గొర్రె దాదాపు నూట యాభై రోజులకు ఈనుతుంది. సూది వేసిన నాటి నుంచి లెక్కించి నూట యాభై రోజుల చుట్టుపక్కల పుట్టిన పిల్ల స్ట్రాది. నూట అరవై అయిదు దాటాక పుట్టినది గుడ్డ లేని పొట్టేలుది. ఈ లెక్కకు వేలిముద్ర వేసేవాడైనా చాలు. కాని పుస్తకంలో మాత్రం అన్ని పిల్లలకూ తండ్రిగా కూలరు కింది మహానుభావుడి పేరే రాసి, ఆ పేరు మీద ఒక్కొక్క పిల్లకు రెట్టింపు ధర కట్టి అమ్ముతారు. డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోతుంది, అడిగేవాడు ఉంటే.

లాభం లేకపోలేదు, అదీ చెప్పాలి. మందలో తిరిగే పొట్టేలు ఒక ఎద కాలంలో ఇరవై ముప్ఫై గొర్రెలను చూసుకుంటుంది. అదే పొట్టేలు నుంచి ఒక్కసారి తీసిన మిల్లీలీటరు వీర్యంలో దాదాపు మూడు వందల కోట్ల కణాలు ఉంటాయి. లాపరోస్కోపీకి గొర్రెకు రెండు కోట్లు చాలు గనుక, వందకు పైగా గొర్రెలకు సరిపోతుంది. స్కాట్లండులోని లానర్క్ వేలంలో 2020 ఆగస్టులో ఒక టెక్సెల్ పొట్టేలు పిల్లను ముగ్గురు కలిసి మూడు లక్షల యాభై వేల గినీలకు, అంటే సుమారు మూడున్నర కోట్ల రూపాయలకు, కొన్నది ఈ లెక్క చూసుకునే. గినీ నాణెం చెలామణి ఆగి రెండు వందల ఏళ్లు దాటినా వారి వేలాలు ఇంకా అందులోనే సాగుతాయి, అది వేరే వినోదం. మన దేశంలోనే, మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో, సుందరబన్స్ గారోల్ గొర్రెలో కవలలను ఇచ్చే జన్యువును దక్కనీ గొర్రెలోకి ఓపికగా, తరం తరమూ రాసుకుంటూ తెచ్చారు. రాసుకుంటూ అన్న మాటను కరపత్రం వారు రెండుసార్లు చదవాలి.

ఎందుకంటే ఒక పొట్టేలు సుగుణం ఎంత వేగంగా వందల మందలకు చేరుతుందో, దానిలో దాగిన లోపమూ అంతే వేగంగా చేరుతుంది. అమెరికాలో సఫోక్ గొర్రెల ప్రదర్శనలు ఎత్తైన, పొడుగు కాళ్ల పొట్టేళ్లకే బహుమతులు ఇస్తూ పోయిన కాలంలో, పైకి కనిపించని ఒక జన్యులోపం ఆ గెలిచిన వంశాల వెంటే పాకి, కాళ్లూ వెన్నూ వంకర తిరిగిన పిల్లలు పుట్టసాగాయి. ఆ జబ్బుకు సాలీడు పేరే పెట్టారు. ఇక్కడ కూడా నెల్లూరు పొట్టేలు ధర పలికేది ఎత్తును బట్టి, చెవుల పొడవును బట్టి, మెడ కింద వేలాడే రెండు తిత్తులను బట్టి. మేకకైతే మనవాళ్లు వాటిని అజాగళస్తనాలని ఎగతాళి చేశారు, గొర్రెకు వచ్చేసరికి లక్షలు పోస్తున్నారు. నీలి నాలుక వ్యాధి మన ప్రాంతంలో తిష్ఠ వేసుకొని ఉన్నదని, దాని వైరసు వీర్యంలోనూ ప్రయాణించగలదని, వీర్యాన్ని దాచే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని రోగాన్ని కూడా పొట్టేలుతో సమానంగా భద్రపరుస్తుందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వంశావళి రాయడానికి నిజం రాసే చేయి ఒకటి కావాలి. 2019 పశుగణనలో దేశంలోనే మొదటి స్థానం తెలంగాణది, 1.91 కోట్ల గొర్రెలు, రెండవది ఆంధ్రప్రదేశ్. ఇంత మందలో ఎన్నింటి తండ్రి పేరు ఎక్కడైనా రాసి ఉంది? తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో లబ్ధిదారుకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున, డెబ్భై అయిదు శాతం రాయితీతో, పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చి ఇచ్చారు. 2024లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక తెరిస్తే, ఆ గొర్రెలను మోసినట్టు చూపిన వాహనాల నంబర్లలో ద్విచక్ర వాహనాలవీ, కార్లవీ, అంబులెన్సులవీ ఉన్నాయి. లబ్ధిదారులలో చనిపోయినవారూ ఉన్నారు. లారీ నంబరు నిజంగా రాయలేని వ్యవస్థ పొట్టేలు తాత పేరు రాస్తుందా?

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. రాళ్లలో రప్పలలో మైళ్లకొద్దీ నడిచి, కరువులో ఎండు గడ్డి నమిలి బతికిన నల్ల ఉన్ని దక్కనీ గొర్రెను తరతరాలుగా ఎంచి, ఏరి, నిలబెట్టింది గొల్ల కురుమలు. ఏ డిగ్రీ లేకుండా, ఏ రాయితీ లేకుండా. దాని మీదికి ఉన్నిలేని నెల్లూరు పొట్టేళ్లను పథకం పేరుతో, అభివృద్ధి పేరుతో తోలి, ఆ జాతిని కలగాపులగం చేసి, ఉన్ని కొనే దిక్కు లేకుండా చేసి, గొంగడి నేసేవాడి మగ్గం మూయించినవారే ఎన్నికల సభలో అదే గొంగడి భుజాన వేసుకొని, గొర్రెపిల్లను చంకనెత్తుకొని ఫొటో దిగుతారు. మీకు ఆ గొంగడి కప్పుకొనే అర్హత లేదు. దించండి.

స్ట్రాలలో నింపి నత్రజనిలో దాచుకోవలసిన పొట్టేలు ఏదైనా ఉంటే, అది కలగాపులగం కాకుండా ఇంకా మిగిలిన ఆ దక్కనీ పొట్టేలే. అందుకు ముందుగా ఒక మనిషి మందల వెంట నడిచి, ఏ పొట్టేలు ఏ తల్లికి ఏ ఈతలో పుట్టిందో ఆ కురుమ పెద్దలను అడిగి రాసుకోవాలి. వారికి అంతా నోటికే తెలుసు. రాసుకునేవాడికి నెలనెలా ఇచ్చే జీతం మాత్రం ఏ పద్దు కింద వేయాలో ఇంతవరకు ఎవరికీ తోచలేదు.