కాటుక ఫోటో ఎందుకు తీసేశారు?

జనవరిలో ఇక్కడ, అమెరికాలో, మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలకు వచ్చినవాళ్లకి ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. హైస్కూల్ ఆడిటోరియం గుమ్మంలో ముగ్గు, గొబ్బెమ్మలు. పక్క గదిలో బొమ్మల కొలువు. చిన్నపిల్లలకు భోగిపళ్లు. స్టేజీ మీద నిలువెత్తు థర్మోకోల్ గంగిరెద్దు. ఆ ఎద్దును మూడు రాత్రులు మా గరాజ్‌లోనే చేశాం. మూపురం మీది ఎర్రగుడ్డకి అద్దాలు కుట్టింది నేనే. భోజనాలకు ముందు ఎప్పటిలాగే, ఆ ఏడాది ఏదైనా సాధించిన మన పిల్లల ఫోటోలు తెర మీద వేశారు. స్పెల్లింగ్ బీ గెలిచిన బాబు, కూచిపూడి అరంగేట్రం చేసిన పాప, రోబోటిక్స్ టీమ్, మెడిసిన్‌లో సీటు వచ్చిన పిల్లలు. అందరికీ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. మా అమ్మాయి ఫోటో మాత్రం రాలేదు.

పొరపాటేమో అనుకుని భోజనాల దగ్గర కమిటీవాళ్లను అడిగాను. "పొరపాటు కాదండీ, ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. పండగ పూట ఆ బీఫ్ వ్యవహారం ఎందుకని తీసేశాం. ఏమీ అనుకోకండి" అన్నారు. మా అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. చేతిలో పరమాన్నం కప్పు అలాగే పట్టుకుని, "పోనీలే అమ్మా, వెళ్దాం" అంది.

రెండు నెలలుగా ఇది నా గొంతులోంచి దిగలేదు. అందుకే మన సంఘం పత్రిక ఉగాది సంచికకు రాస్తున్నాను.

ఆ ఫోటోలో ఉన్నది పదహారేళ్ల అమ్మాయి, దాని పక్కన ఒక నల్ల యాంగస్ పెయ్య, మాంసం కోసం పెంచే జాతిది. పెయ్య పేరు కాటుక. అమ్మాయికి పదమూడేళ్లప్పుడు స్కూల్లో ఎవరో చెప్తే, పిల్లలకి పశువుల పెంపకం, వ్యవసాయం లాంటి పనులు నేర్పే ఫోర్-హెచ్ క్లబ్బులో చేరింది. మొదట్లో కోళ్లు పెంచింది. తర్వాత మా రోడ్డు చివర ఉండే పెద్దాయన, డెబ్బై దాటిన పశువుల రైతు, తన కొట్టంలో ఒక మూల ఇస్తానన్నాడు. అమ్మాయి దాచుకున్న డబ్బుకి మేము కొంత కలిపి, తల్లి పాలు మాన్పించిన పెయ్యను కొన్నాం. మొదటి రెండు వారాలు అమ్మాయి తాడు పట్టుకుంటే తను ఒకవైపు, పెయ్య ఒకవైపు. మోకాళ్లు కొట్టుకుపోయేవి. పొద్దున్నే ఐదింటికి లేచి దాణా పెట్టడం, పేడ ఎత్తడం, నీళ్లు పోసి కడిగి బ్లోయర్‌తో వెంట్రుకలు ఆరబెట్టడం, పొడుగాటి కర్రతో కాళ్లు సర్దుతూ నిలబడటం నేర్పడం. ఇవన్నీ అయ్యాకే స్కూలు. నేనే ఎన్నోసార్లు, "ఈ టైమ్‌లో ఎస్.ఎ.టి. చదువుకోవచ్చు కదా" అన్నాను. అలా అన్నందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

పోయిన వేసవిలో, యాంగస్ పెంచే పిల్లల సంఘం నేషనల్ జూనియర్ యాంగస్ అసోసియేషన్ వాళ్ల లీడ్ కాన్ఫరెన్స్ అనే నాయకత్వ శిక్షణ సభకి మా కౌంటీ నుంచి నలుగురు పిల్లలు వెళ్లారు. తోడుగా వెళ్లిన ఇద్దరు పెద్దవాళ్లలో నేనొకదాన్ని. పెద్దవాళ్ల యాంగస్ సంఘం 1883లో షికాగోలో పుట్టింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన, కొమ్ముల్లేని ఈ నల్ల పశువుల వంశవృక్షాలు రాసిపెట్టడానికి పెట్టుకున్న సంఘం. ఇప్పుడు ఆఫీసు మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో ఉంది. జూనియర్ల సంఘాన్ని నడిపేది పిల్లలే. ఆకుపచ్చ కోట్లు వేసుకున్న కాలేజీ వయసు పిల్లలే బోర్డు సభ్యులు. వేదిక ఎక్కేదీ వాళ్లే, కుర్చీలు సర్దేదీ వాళ్లే. మన సభల్లో ముఖ్య అతిథుల కోసం పిల్లల కార్యక్రమాలు కుదించడం చూసీ చూసీ ఉన్న నాకు అది చూస్తే కళ్లు చెమర్చాయి.

పశువులు పెంచే పిల్లల సభ అంటే పశువులు ఉంటాయనుకున్నాను. హాల్లో ఒక్క దూడ కూడా లేదు. నేర్పింది మాట్లాడటం. ముక్కూమొహం తెలియని వాళ్లతో ఒక టేబుల్ దగ్గర కూర్చుని పరిచయం చేసుకోవడం, మీటింగ్ నడపడం, తమకి నచ్చని మాట అన్నవాడికి కోపం లేకుండా జవాబు చెప్పడం. ఇక్కడి రైతుల సగటు వయసు 2022 వ్యవసాయ లెక్కల ప్రకారం 58.1 ఏళ్లు. తర్వాత ఎవరు చేస్తారన్న దిగులు ఆ పెద్దవాళ్ల ప్రతి మాటలోనూ ఉంది. అందుకే పద్నాలుగేళ్ల పిల్ల ప్రశ్న అడిగినా అక్కడ నలుగురూ ఆగి వింటారు.

మొదటి రోజు భోజనంలో బ్రిస్కెట్ పెట్టారు. మా ఇంట్లో గొడ్డు మాంసం తినం. అమ్మాయి ప్లేటులో బీన్స్, బన్ మాత్రమే ఉండటం చూసి ఎదుటి కుర్రాడు ఎందుకని అడిగాడు. నాకు టెన్షన్ మొదలైంది. పశువులు పెంచి, మాంసం అమ్ముకుని బతికే కుటుంబాల పిల్లలు వాళ్లు. మా అమ్మాయి తొణక్కుండా చెప్పింది: "మా తాత ఎద్దులతో వ్యవసాయం చేశాడు. వాటితో కలిసి బతికాడు కాబట్టి మేం తినం. నాకు పశువులంటే ప్రాణం. మంచి దూడ పుట్టేలా జోడీ ఎలా చూడాలో నేర్చుకోవడానికి వచ్చాను." ఆ కుర్రాడు తల ఊపి, "నీ పెయ్యకి ఏ ఆంబోతుతో కట్టించావు?" అని అడిగాడు. అంతే. అరగంట సేపు ఆ ఆంబోతు గుణాల మీదే మాట. మర్నాడు వడ్డించే ఆవిడ మా అమ్మాయి కోసం గుడ్లు విడిగా తెచ్చింది.

తినే వాళ్ల మధ్య తినని పిల్లకి చోటు దొరికింది. పశువుల పండగ రోజున, తన వాళ్ల మధ్య, పెంచిన పిల్లకి దొరకలేదు. నా బాధ అంతా ఇదే.

ఒక సాయంత్రం పిల్లలందరూ తమ మంద ఎలా మొదలైందో రెండేసి నిమిషాలు చెప్పారు. ముత్తాత కాలం నుంచి అంటూ చాలామంది చెప్పారు. మా అమ్మాయి లేచి, "నా మందలో ఒకటే పెయ్య. కానీ మా తాతకి ఒంగోలు ఎద్దులుండేవి" అంది. వెనకాల నుంచి ఒక అబ్బాయి, టెక్సస్ సముద్రతీరం వాడు, "ఒంగోలు అంటే నెల్లూరేనా?" అన్నాడు. వాళ్లింట్లో యాంగస్‌తో పాటు మూపురం ఉన్న బ్రాహ్మన్ పశువులు కూడా ఉన్నాయి. ఈ జాతికి ఇక్కడ 1924లో సంఘం ఏర్పడింది. గుజరాత్ నుంచి, మన నెల్లూరు వైపు నుంచి వచ్చిన రకాలు కలిసి తయారైన జాతి ఇది. ఒంగోలు ప్రాంతం 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని నెలోర్ అనడానికి కారణం ఆ నెల్లూరే. ఎండకి, ఈగలకి తట్టుకునే గుణం కోసం బ్రాహ్మన్‌ని యాంగస్‌తో కలిపి బ్రాంగస్ చేశారు. ఇవన్నీ ఆ అబ్బాయికి తెలుసు. మా పిల్లకి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటికి ఇండియాలో తెల్లవారింది. అమ్మాయి అక్కడి నుంచే మా నాన్నకి వీడియో కాల్ చేసింది. ఆ అబ్బాయి ఫోన్‌లోని బూడిదరంగు ఆంబోతును ఆయనకి చూపించింది. నాన్నకి ఎనభై దాటాయి, చూపు అంతంత మాత్రం. ఫోన్ కళ్లకి ఆనించుకుని చాలాసేపు చూశాడు. "గంగడోలు మనదే. మూపురం కొంచెం వాలింది. కొమ్ములు చూపించమ్మా" అన్నాడు. తర్వాత కాటుక సంగతి అడిగాడు. "చూడి కట్టిందా? ఎన్నో నెల?" "మూడో నెల తాతా." "తొమ్మిది నెలల పదిరోజులు లెక్కేసుకో. మొదటి ఈత. పక్కనుండాలి." చుట్టూ పది మంది పిల్లలు. అమ్మాయి ఒక్కో మాటా వాళ్లకి ఇంగ్లీషులో చెప్తోంది. మా నాన్న మాటలు అంత మంది అంత శ్రద్ధగా వినడం నా జీవితంలో అదే మొదటిసారి.

నాన్న ఎద్దుల పళ్లు చూసి వయసు చెప్పేవాడు. సుళ్లు చూసి కొనేవాడు. ఇక్కడ పిల్లలు ఈపీడీ అంకెలు చూస్తారు. పుట్టిన దూడ ఎంత బరువుంటుంది, ఈత సులువా, తల్లికి పాలు ఎంత అని వంశం లెక్కల నుంచి, డి.ఎన్.ఎ. పరీక్షల నుంచి కట్టిన అంచనాలు అవి. చెవిలో పచ్చబొట్టు నంబరు, తల్లిదండ్రుల పేర్లు అన్నీ కాగితం మీద ఉంటాయి. మన దగ్గర ఆ జ్ఞానం కళ్లలోనే ఉండిపోయింది. నాన్నతోనే పోతుంది. గుంటూరు దగ్గర లాం ఫారంలో, చదలవాడలో ఒంగోలు జాతిని కాపాడటానికి పని జరుగుతోంది. బండలాగుడు పోటీల పుణ్యాన కొందరు ఇంకా రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ గిత్తల్ని మేపుతున్నారు. మిగతా ఊళ్లలో ట్రాక్టరు వచ్చింది, కొట్టాలు ఖాళీ అయ్యాయి.

అభ్యంతరం చెప్పినవాళ్ల మనసు నాకు అర్థం కాక కాదు. కనుమ నాడు కొమ్ములకి రంగు వేసి, మెడలో గంటలు కట్టి మొక్కిన చేతులు మనవి. మాంసం కోసం పెంచే జాతి పక్కన మన పిల్ల నవ్వుతూ నిలబడితే గుచ్చుకోవడం సహజం. నాకూ మొదట్లో గుచ్చుకుంది. కాటుకకి పుట్టే కోడెదూడలు చివరికి ఎక్కడికి వెళ్తాయో నాకు తెలుసు, అమ్మాయికీ తెలుసు. దాని గురించి రాత్రుళ్లు మాట్లాడుకున్నాం, ఏడ్చాం కూడా. ఇంకా తేలలేదు.

కానీ మనం ఒక్కసారి మన ఇళ్ల వైపు కూడా చూసుకోవాలి. మా నాన్న చివరి జత ఎద్దుల్ని సంతలో అమ్మాడు. ఒకదానికి కాలు కుంటి. అలాంటి ఎద్దును సేద్యానికి ఎవరూ కొనరని ఆయనకి తెలుసు. కొన్నవాడిని ఎక్కడికి తోలుకెళ్తావని అడగలేదు. అడిగితే అమ్మలేడు, అమ్మకపోతే నా ఫీజు కట్టలేడు. పలుపులు మాత్రం ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకుని, రెండు రోజులు అన్నం ముట్టలేదు. మేమందరం పాలు తాగి పెరిగాం, ఇక్కడా గ్యాలన్ల కొద్దీ తెస్తున్నాం. ఆ రాత్రి పరమాన్నంలో పోసిన పాలు ఇచ్చిన ఆవు కూడా వట్టిపోయాక ఈ దేశంలో ఎక్కడికి వెళ్తుందో మనకి తెలియనిది కాదు. 2023లో బ్రెజిల్‌లో వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. మన వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఆ వార్త తిరిగింది, నేనూ గర్వంగా పంపాను. బ్రెజిల్‌లో నెలోర్‌ని పెంచేది ప్రధానంగా మాంసం కోసమే.

ఇంకో మాట. గొడ్డు మాంసం తినే తెలుగువాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. మన పిల్లలతో కలిసి కోలాటం ఆడిన పిల్లలు వాళ్లవాళ్లే. సంక్రాంతి వాళ్లది కూడా. పండగ పూట ఆ మాట వినపడకూడదు అంటే ఎవరిని నోరు మూసుకోమంటున్నామో ఆలోచించాలి.

ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు పురుడు వచ్చినప్పుడు నెల రోజులు పథ్యం వండి తెచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లనే అడుగుతున్నాను. వచ్చే సంక్రాంతికి ఆ తెర మీద మట్టి, పేడ అంటిన చేతులకి కూడా ఒక చోటు ఇవ్వండి. తానా, ఆటా సభలకి వెళ్లినప్పుడు మన యూత్ కమిటీ పిల్లలు స్టార్టప్‌ల గురించి, మెడిసిన్ గురించి గంటలు గంటలు వింటారు. అందులో ఒక గంట వ్యవసాయానికి అడగండి. వెటర్నరీ చదివే పిల్లలు, తోటలు పెంచే పిల్లలు మనలోనూ ఉన్నారు. తల్లిదండ్రులు బయటికి చెప్పుకోవడం లేదు, అంతే. నేనే రెండేళ్లు చెప్పలేదు. ఎవరైనా అడిగితే "ఏదో స్కూల్ ప్రాజెక్టు" అనేదాన్ని. అభ్యంతరం ఉన్నవాళ్లు ఉంటే మా అమ్మాయినే పిలిచి అడగండి. కోపం లేకుండా జవాబు చెప్పడం అది నేర్చుకుని వచ్చింది.

ఫిబ్రవరి ఆఖర్లో, చలి ఇంకా పోని రాత్రి, కాటుక ఈనింది. పెయ్యదూడ. పెద్దాయన, మా అమ్మాయి, నేను కొట్టంలోనే ఉన్నాం. లాగాల్సిన అవసరం రాలేదు. అరగంటలో దూడ లేచి పొదుగు వెతుక్కుంది. నాన్నకి ఫోన్ చేస్తే, "జున్నుపాలు తీశారా?" అన్నాడు. "లేదు తాతా, పాలన్నీ దూడకే" అంది అమ్మాయి. అటు నుంచి కాసేపు మాట రాలేదు. "మంచి పని చేశావు తల్లీ" అన్నాడు.

తల్లీదూడల ఫోటో కమిటీకి పంపాను.